ఐదో మనిషికి ఒక స్విచ్చి

యంత్రం తప్పు చెప్పిందనే దాక్షాయణి మొదట అనుకుంది.

కాకినాడ మెయిన్ రోడ్డులో గ్రంధి హోమ్ నీడ్స్ షోరూముంది. దాని పై అంతస్తులో, ఒకప్పుడు ఖాళీ అట్టపెట్టెలు పడేసుకున్న గదే ఇప్పుడు ఆమె ప్రయోగశాల. అక్కడ మూడేళ్లు కూర్చుని ఆమె 'ఇంటెరుక'ను తయారుచేసింది. చూడటానికి అరచేతిలో పట్టే గుండ్రటి బిళ్ల, అంతే. కరెంటు మీటరు పక్కన గోడకు అంటిస్తే పన్నెండు రోజులు అక్కడే ఉంటుంది. తీగల్లో కరెంటు హెచ్చి తగ్గే తీరునూ, నేలలోంచి గోడల్లోకి పాకే అడుగుల అదురునూ పోగుచేసుకుంటుంది. మాటలు వినదు, ఫోటోలు తీయదు. అయినా ఆ ఇంట్లో ఫ్రిజ్ తలుపు రోజుకు ఎన్నిసార్లు తెరుస్తున్నారో, బట్టలు ఎవరు ఉతుకుతున్నారో, ఎవరికి మోకాళ్ల నొప్పో దానికి తెలిసిపోతుంది. పన్నెండు రోజులయ్యాక ఆ ఇంటికి ఏ వస్తువు కావాలో, ఎంతటిది కావాలో, ఏది ముందో ఏది వెనకో జాబితా రాసిస్తుంది.

మేనత్త ఇంట్లో కొత్త మైక్రోవేవ్ అప్పడాల డబ్బాగా మారిపోవడం చూసినరోజు ఆమెకు పుట్టిన ఆలోచన ఇది. మెరిసేదల్లా కొనడం కాదు, ఇంటికి సరిపడేది కొనాలి. అందులో ఎవరికీ చెరుపు లేదనే ఆమె నమ్మింది.

దసరాకు అమ్మకం మొదలుపెట్టాలని యజమాని సుబ్బరాయుడు గారి పట్టుదల. ముందుగా నలభై ఇళ్లలో పరీక్ష పెట్టారు. అందులో ముప్ఫై ఒకటో ఇల్లు రామారావుపేటలో ఉండే పాలెపు శేషగిరిది. సహకార బ్యాంకులో మేనేజరు, సుబ్బరాయుడు గారికి చిన్ననాటి స్నేహితుడు. భార్య, భర్త, కాలేజీలో చదివే కూతురు, హైస్కూలు కొడుకు. ఇంట్లో నలుగురమని కాగితం మీద రాసిచ్చాడు. ఆయన మనసులో ఉన్నవి రెండు తలుపుల ఫ్రిజ్, గోడంత టీవీ.

గురువారం పొద్దున్న టెక్నీషియన్ ఇమ్మానుయేలు ఆ ఇంటి బిళ్లను తీసుకొచ్చి యంత్రానికి తగిలించాడు. కాగితం బయటికొచ్చింది. దాక్షాయణి రెండుసార్లు చదివింది.

'ఇంట్లో మనుషులు: ఐదుగురు. మొట్టమొదట కావలసినవి: ఐదో మనిషి గది లోపల ఒక స్విచ్చి. అదే గదిలో, నేలకు దగ్గరగా, ఒక పిలుపు గంట.'

ఫ్రిజ్ ఎక్కడో అడుగున ఉంది. టీవీ అవసరం లేదని రాసింది.

"పనిమనిషిని కూడా కలుపుకుందేమోనండి ఇమ్మానుయేలు గారూ," అంది.

"పనమ్మాయి లేదండి ఆళ్లకి. ఆవిడే చేసుకుంటారు," అన్నాడు ఇమ్మానుయేలు. యాభై దాటిన మనిషి, ఊళ్లో సగం ఇళ్ల వైరింగు ఆయన చేతుల మీదే జరిగింది. "పెరటేపు ఓ గదుందండి, మేడంగారూ. సామాన్ల గదన్నారు. గడియ బయటుంది. సామాన్ల గదే కదా, ఉంటాది. కానీ లైటు స్విచ్చి కూడా బయటికే తీసుకొచ్చి పెట్టించుకున్నారండి. గోడలో పాత స్విచ్చిపెట్టె లోపలేపుంది, మూసేశారు," అన్నాడు.

ఆమె జాబితా పక్కనబెట్టి అసలు నమోదులు తెరిచింది. ఏ రోజు, ఏ నిమిషంలో, ఏ గదిలో ఏం అదిరిందో గీతలుగా ఉంటుంది. పెరటి గదిలో అడుగులున్నాయి. తేలికైన మనిషి, ఎడమ కాలు కొంచెం ఈడుస్తుంది. ఆరు అడుగులు వేసి ఆగుతోంది, తిరిగి ఆరు అడుగులు. రోజూ గంటలకొద్దీ అదే. మధ్యమధ్య ఇంకొకరి అడుగులు వంటింటి నుంచి ఆ గది దాకా వస్తున్నాయి. అప్పుడు బల్బు వెలుగుతోంది, అవి తిరిగి వెళ్లేటప్పుడు ఆరిపోతోంది. చీకటి పడ్డాక కూడా లోపలి అడుగులు ఆగడం లేదు.

ఆదివారం దగ్గర ఆమె వేలు ఆగింది. తొమ్మిదింటికి నలుగురూ వీధి తలుపు దాటి వెళ్లారు. పదకొండూ నలభైకి పెరటి గదిలో ఒక్కసారిగా ఏదో బరువుగా పడింది. వెంటనే నిమిషంన్నర పాటు నేల టకటకా కొట్టుకుంది. ఆ తర్వాత గీత చదునైపోయింది. పది నిమిషాలు, ఇరవై, నలభై నిమిషాలు. తర్వాత చాలా నెమ్మదిగా, గోడ పట్టుకుని లేచినట్టు, ఒక అడుగు.

నలుగురూ సాయంత్రం నాలుగింటికి గానీ తిరిగి రాలేదు.

"సామాన్లు నడవవు కదండీ," అంది దాక్షాయణి.

ఇమ్మానుయేలు గీత వైపు చూసి తల దించుకున్నాడు. "శనివారం పొద్దున్నే తుని వెళ్తున్నారంటండి, పెళ్లికి. రెండ్రోజులుండి వస్తారంట. అందుకే జాబితా రేపటికల్లా ఇమ్మన్నారు."

*

సుబ్బరాయుడు గారు కింద షోరూములో దసరా తోరణాలు కట్టిస్తున్నారు. ఆమె చెప్పిందంతా విని, పనివాళ్లను దూరంగా పంపేశారు.

"శేషుకి ఓ అక్క ఉండేది," అన్నారు. "భ్రమరాంబ. చిన్నప్పుడు మాకు లెక్కలు చెప్పేది. మూర్ఛలొచ్చేవి పాపం. పెళ్లి చేస్తే ఏడాదికే తిప్పి పంపేశారు. వాళ్ల నాన్న పోయాక హైదరాబాదులో ఏదో ఆశ్రమంలో చేర్పించామన్నాడు. పద్నాలుగేళ్లయింది."

"చేర్పించలేదండి."

ఆయన మొహంలో రంగు మారింది. కానీ వ్యాపారం చేసి పండిన మనిషి, తొందరగానే సర్దుకున్నారు. "చూడమ్మా దాక్షాయణీ. మన బిళ్ల ఇంట్లో దాచుకున్న మనిషిని పట్టించిందని తెలిస్తే ఈ ఊళ్లో ఒక్కరు కూడా దాన్ని గోడకి అంటించనివ్వరు. నేను ఫ్రిజ్‌లమ్ముకునేవాణ్ణి. నలుగురని రాసిచ్చారు, నలుగురికే జాబితా ఇవ్వు. ఇకనుంచి ఇంట్లో ఎంతమందో కొనేవాళ్లు చెప్పిందే లెక్క. యంత్రం లెక్కెట్టకూడదు. ఆ మార్పు రేపటికల్లా చెయ్యి."

"ఆ అడుగులు విన్నాక కూడానా అండీ?"

"వినకపోతే బాగుండేది," అన్నారాయన. ఆ మాట నిజంగానే అన్నారు.

మధ్యాహ్నం ఇంటికెళ్తే అన్నం సయించలేదు. భర్త ఫణీంద్ర పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతాడు. ఆ రోజు సెలవు. ఆమె చెప్పింది విని మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు.

"ఇంటిగుట్టు లంకకు చేటంటారు. కానీ లంక గుట్టు చెప్పింది ఆ ఇంటివాడే. నువ్వు బయటిదానివి, దాక్షా. ఫ్రిజ్ ఎంచిపెడతానని లోపలికెళ్లావు."

"పడిపోయింది ఫణీ. నలభై నిమిషాలు."

"పోలీసులకి చెప్పు మరి."

"చెబితే ఆవిణ్ణి ఏం చేస్తారు? తీసుకెళ్లి ఎక్కడో పడేస్తారు. అప్పుడు ఆ ఆరడుగులు కూడా ఉండవేమో."

ఫణీంద్ర ఆలోచిస్తూ అడిగాడు. "మనింట్లో ఎప్పుడైనా పెట్టావా దాన్ని?"

"లేదు."

"ఎందుకని?"

మూడేళ్లలో ఆ ప్రశ్న తనను తాను ఒక్కసారి కూడా వేసుకోలేదని ఆమెకు అప్పుడే తెలిసింది. అడగకపోవడానికి కారణం కూడా అప్పుడే తెలిసింది. పక్కగదిలో వేరుగా పడుకునే భర్త అడుగులు ఎన్నిసార్లు తన తలుపు దాకా వచ్చి వెనక్కి వెళ్తున్నాయో కాగితం మీద చదవాలని ఆమెకు లేదు.

*

శుక్రవారం పదకొండు గంటలకు దాక్షాయణి, ఇమ్మానుయేలు రామారావుపేట వెళ్లారు. శేషగిరి బ్యాంకుకూ, పిల్లలు చదువులకూ వెళ్లిపోయారు. తలుపు తీసిన వకుళకు నలభై ఐదేళ్లుంటాయి. చేతికి పిండి అంటుకుని ఉంది.

"జాబితా తెచ్చారాండి? కూర్చోండి. కాఫీ ఇస్తాను."

"వద్దండి. ఒక్క విషయం అడిగి వెళ్తాం," అంది దాక్షాయణి. ముగ్గురూ కూర్చున్నారు. దారంతా కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "మీ ఇంట్లో ఎంతమందుంటారండి?"

"రాసిచ్చాం కదండీ. నలుగురం."

పెరటి వైపు నుంచి అడుగుల చప్పుడు వస్తోంది. బిళ్ల అక్కర్లేకుండానే వినబడేంత దగ్గరగా ఉంది. వకుళ గొంతు పెంచింది. "ఎలకలండి. వానాకాలం కదా, సామాన్ల గదిలోకి దూరతన్నాయి."

"వకుళగారూ, మేం ఎవరికీ చెప్పడానికి రాలేదండి."

"ఏం చెబుతారు?" వకుళ లేచి నిలబడింది. గొంతులో మర్యాద పోలేదు గానీ వెళ్లి వీధి తలుపు బార్లా తెరిచింది. "ఇది మా ఇల్లండి. ఫ్రిజ్ చూసిపెడతామంటే రానిచ్చాం. మీ జాబితా వద్దు, ఏం వద్దు. వెళ్లండి."

ఇమ్మానుయేలు లేచాడు. దాక్షాయణి కూడా లేచింది. సరిగ్గా అప్పుడే అడుగులు ఆగాయి. గోడ అవతల ఏదో ధబ్బున పడింది. వెంటనే నేల మీద టకటకమని చప్పుడు మొదలైంది.

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు కదిలింది వకుళే. పరుగెత్తి గడియ తీసింది, గోడ మీద స్విచ్చి నొక్కింది. కింద పడి కొట్టుకుంటున్న స్త్రీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆమెను ఒత్తిగిలించి, తన కొంగు మడిచి తలకింద పెట్టింది. ఏ పనికీ తడుముకోలేదు.

"చెంబు దూరంగా జరపండి. చేతులు పట్టుకోకండి, వదిలెయ్యండి. అదే ఆగుద్ది," అంది వెనక్కి చూడకుండా. తర్వాత పడిన మనిషితో, పసిపిల్లతో అన్నట్టు, "అయిపోయింది వదినా. అయిపోయింది. నేనున్నాను," అంటూ ఉంది.

గదిలో మంచం, కుండ, మడతపెట్టిన రెండు చీరలు, గోడ నిండా పెన్సిలుతో వేసిన లెక్కలు. దుర్వాసన లేదు. నేల ఆ రోజే తుడిచినట్టుంది. శేషగిరిని రాక్షసుడిగానూ, వకుళను కాపలాదారుగానూ ఊహించుకుని వచ్చిన దాక్షాయణి గుమ్మంలో అలాగే నిలబడిపోయింది.

"స్విచ్చి బయటెందుకని చూస్తున్నారు కదా," అంది వకుళ, భ్రమరాంబ ఊపిరి కుదుటపడ్డాక. "లోపలే ఉండేది. ఓసారి మూర్ఛొచ్చినప్పుడు చెయ్యి తగిలి బోర్డు పగిలింది, షాక్ కొట్టింది. ఆయన భయపడి బయటికి మార్పించారు. గడియ కూడా అలాగే. ఓసారి వీధిలోకెళ్లి కాలవ గట్టున పడిపోయారు. జనం బూటుకాలితో తన్ని చూశారండి, తాగి పడిందనుకుని. ఆ తర్వాత గడియెట్టారు. ఇక తియ్యడం కుదర్లేదు. ఎవరన్నా వచ్చినప్పుడు ఆశ్రమంలో ఉందని చెప్పాం. ఒకసారి చెప్పాక ఎప్పుడు లేదంటాం?"

వకుళ తన భర్తకు ఫోన్ చేసింది. అతను పావుగంటలో వచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా నేరుగా ఆ గది గుమ్మంలోకి వచ్చేశాడు.

"మీరెవరండి మా ఇంట్లో గదులు తియ్యడానికి?" గొంతు హెచ్చించకుండానే అడిగాడు. ఆ నెమ్మదికే దాక్షాయణికి ఎక్కువ భయమేసింది. జేబులోంచి ఫోను తీసి సుబ్బరాయుడు గారికి కలిపాడు. నాలుగు మాటలు మాట్లాడి దాక్షాయణి చేతికిచ్చాడు.

"నలభై బిళ్లలూ సాయంత్రానికి వెనక్కి తెచ్చెయ్యాలమ్మా," అన్నారు సుబ్బరాయుడు గారు అవతలి నుంచి. "వాటిలో ఉన్నదంతా చెరిపెయ్యాలి. ఆ తర్వాత నువ్వు రానవసరం లేదు." కాస్త ఆగారు. "బాగానే ఉందా ఆవిడ?"

"ఇప్పుడే మూర్ఛొచ్చి తగ్గిందండి."

అటువైపు ఫోను పెట్టేసిన చప్పుడు. మూడేళ్ల పని అంతటితో సరి. వింతగా, ఆమెకు ఆ క్షణంలో తేలికగా కూడా అనిపించింది.

"శేషగిరిగారూ, వెళ్లిపోతామండి," అంది. "ఒక్కటి చూడండి. కేసు పెట్టుకున్నా సరే." సంచిలోంచి ఆదివారం గీత ఉన్న కాగితం తీసి మంచం మీద పరిచింది. ఎక్కడ పడిందో, ఎంతసేపు కొట్టుకుందో, ఎంతసేపు కదల్లేదో వేలితో చూపించింది. "మీరంతా బయటికెళ్లిన రోజు. నలభై నిమిషాలు ఇలా ఉన్నారండి. రేపు మీరు రెండు రోజులు వెళ్తున్నారు."

శేషగిరి కాగితం వైపు చాలాసేపు చూశాడు. బ్యాంకులో అంకెలతో బతికినవాడు, గీత చదవడం అతనికి ఒకరు నేర్పక్కర్లేదు.

"ఆదివారం సాయంత్రం అడిగితే బాగానే ఉన్నానంది," అన్నాడు భార్యతో. "నీతో చెప్పిందా?"

వకుళ తల అడ్డంగా ఊపింది.

"నేను చెప్పలేదు శేషూ." భ్రమరాంబ మంచానికి ఆనుకుని కూర్చుంది. మాట ఇంకా ముద్దగా ఉంది. "చెబితే ఆ ఒక్క పెళ్లిపేరంటాలకి కూడా వెళ్లడం మానేస్తారు. వకుళకి ఇల్లు కదిలే రోజే లేకుండా పోద్ది."

వకుళ అంతదాకా ఏడవలేదు. ఆ మాటకు గోడకేసి తిరిగిపోయింది.

శేషగిరి గుమ్మంలో కూలబడ్డాడు. ఇమ్మానుయేలు తలెత్తి గది సీలింగు వైపు చూశాడు.

"అయ్యగారూ, షాక్ భయమైతే తాడు లాగితే వెలిగే స్విచ్చుంటాదండి. డబ్బా పైన సీలింగు దగ్గరుంటాది, కిందికి నూలుతాడే వేలాడుద్ది. చెయ్యి తగిలినా ఏం కాదు. గంటకి కరెంటే అక్కర్లేదు, బ్యాటరీది పెడతాను. మంచం పక్కన కింద నొక్కితే వంటింట్లో మోగుద్ది. గంటసేపు పనండి."

శేషగిరి అక్క వైపు చూశాడు.

"ఆ పెట్టె ఇవే కావాలందా నాకు?" అని అడిగింది భ్రమరాంబ. దాక్షాయణి జాబితా ఆమె చేతికిచ్చింది. ఆమె కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్క మాటే చదువుకుంది.

"మంచిదే, తెలివైనదే," అంది. "కానీ కొనేవాటి గురించే తెలుసు దానికి. స్విచ్చి వెయ్యండి, గంట కట్టండి, వద్దనను. ముందు ఆ గడియ పీకెయ్యండి. అది కొనక్కర్లేదు కదా."

షోరూములో లేని వస్తువు గురించి యంత్రం ఎన్నడూ ఆలోచించలేదు. ఆలోచించమని దాక్షాయణి కూడా దానికి నేర్పలేదు.

ఇమ్మానుయేలు స్క్రూడ్రైవరు తీశాడు. శేషగిరి లేచి అది తన చేతిలోకి తీసుకున్నాడు. తుప్పు పట్టిన మరలు నాలుగు ఊడదీయడానికి అరగంట పట్టింది. మొదటి మర ఊడేసరికే చొక్కా తడిసిపోయింది. చెమటేనా కాదా అని ఎవరూ దగ్గరికెళ్లి చూడలేదు.

శనివారం తుని పెళ్లికి శేషగిరి ఒక్కడే వెళ్లాడు.

*

బిళ్లలు నలభై వెనక్కి వచ్చాయి. దాక్షాయణి ఒక్కొక్కటే యంత్రానికి తగిలించి, లోపల ఏముందో చదవకుండా చెరిపేసింది. వాటిలో మరో ఇంట మరో చదునైన గీత ఉందేమోనన్న అనుమానం ప్రతి బిళ్ల దగ్గరా ఆమె చేతిని పట్టుకుంది. అయినా చెరిపింది. ఆ ఇళ్లవాళ్లు ఆమెను పిలిచింది దానికి కాదు. ఆ అనుమానం మాత్రం చెరిగే రకం కాదు. ఇప్పటికీ ఏ వీధిలోనైనా మూసిన పెరటి గది కనిపిస్తే ఆమె నడక నెమ్మదిస్తుంది.

కార్తీకంలో ఒక రోజు ఉదయం వకుళ ఫోన్ చేసింది. కృతజ్ఞతలు చెప్పడానికి కాదు.

"బాగా ఇబ్బందిగా ఉందండి," అంది. "అబద్ధమాడామని వీధిలో వాళ్లు మాతో మాట్లాడ్డం మానేశారు. ఆయన నాతో మాట్లాడరు. వదినేమో వీధరుగు మీద కూర్చుంటానంటారు. మొన్న అక్కడే పడ్డారు, గడ్డం చీలింది, మూడు కుట్లేశారు. అయితే ఎదురింటివాళ్లు పరిగెత్తుకొచ్చారండి. నేనొచ్చేసరికి ఒత్తిగిలి పడుకోబెట్టున్నారు. వాళ్లకెవరు చెప్పారో."

"డాక్టరుకి చూపించారాండి?"

"చూపించాం. మందు మార్చారు. అందుకు కాదు నే ఫోను చేసింది." వకుళ గొంతులో విసుగు, ఆ విసుగులో ఇంకేదో. "ఇప్పుడు వంటింట్లోకి వస్తన్నారు. నా పచ్చడి బాగోలేదంట. ఉన్న మిక్సీ పనికిరాదంట, కొత్తది కావాలంట. మూతలు చూస్తే నాకు భయమండి, ఆవిడ చెయ్యి లోపల ఉండగా తిరిగితే? నేను ఒకటి చెబుతాను, ఆవిడ ఇంకోటంటారు. నాలుగు రోజుల్నుంచి ఇదే పోట్లాట. మీ పెట్టె లేదు కదా ఇప్పుడు. మీరే చెప్పండి, ఏది కొనమంటారు?"

మూత సరిగ్గా బిగిస్తే గానీ తిరగని రకాలున్నాయని దాక్షాయణికి తెలుసు. మిక్సీ జారు బరువు ఎంతుండాలో, మీట ఎటు వైపుంటే ఆవిడ చేతికి వీలో కూడా ఒక్క నిమిషంలో చెప్పగలదు. చెప్పబోయి, ఆగింది.

"ఆవిడకి ఇవ్వండి ఫోను," అంది.

చేతులు మారిన చప్పుడు. ఫోను ఎటు తిరిగి పట్టుకోవాలో వకుళ చెబుతున్న చప్పుడు. తర్వాత ఎవరిదో ఊపిరి.

"ఆఁ, చెప్పండమ్మా," అంది భ్రమరాంబ.

దాక్షాయణి బల్ల మీద కాగితం పెట్టుకుని పెన్ను మూత తీసింది.

"నేను కాదండి, మీరు చెప్పాలి. నేను రాసుకుంటాను."